కరువుకంప విన్న మాటలు

ఆకు మొట్టమొదట మాట్లాడింది ఉప్మా గురించి.

అనంతపురం శివార్లలోని మెట్టభూముల పరిశోధన కేంద్రంలో, ఆ శనివారం మధ్యాహ్నం, ఇందుజ తన కొత్త యంత్రం మీద ఒక ఎండు రేగాకును పరిచి, గాజు మూత దించి, మీట నొక్కింది. కాసేపు పేలాలు వేగుతున్నట్టు చిటపటలు. ఆ తర్వాత అటెండరు మస్తానయ్య గొంతు, లోతు బావిలోంచి వచ్చినట్టు వినబడింది.

"ఇది ఉప్మానా మేడం? సున్నం పిసికినట్టుండాది. ఆ క్యాంటీనోడు దీన్ని చేతుల్తో చేసినాడా, కాళ్ళతో చేసినాడా?"

గదిలో పదిమందీ గొల్లున నవ్వారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మస్తానయ్య మొహం ఎర్రబడింది.

"అది మూడు నెల్ల కిందటి మాట గదమ్మా! ఆ దినం మీరు ఆ మూలన ఆకులు ఆరబెట్టినారని నాకేం తెల్సు? తెలిసుంటే బాగుందనే అందును."

అందరికంటే వెనక నిలబడి సుభాషిణి కూడా నవ్వింది. ఆ కేంద్రంలోని హెర్బేరియానికి, అంటే ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద కుట్టి షీట్లుగా భద్రపరిచే విభాగానికి, ఆమె అధికారి. ఇందుజ ఆమె కూతురు. తల్లి మొక్కల్లోకి వెళితే కూతురు ఫిజిక్సులోకి వెళ్ళింది. ఆరేళ్ళ పాటు తల్లి షీట్లలోని ఆకులనే యంత్రాల కింద పెట్టి చూసి, చూసి, చివరికి ఈ 'వినికిడి బల్ల' తయారుచేసింది.

"ఇందులో మంత్రం ఏమీ లేదు," అంది ఇందుజ. "నీళ్ళు లేని చోట పెరిగే కంపలు ఒంట్లో తడి పోకుండా ఆకుకు మైనం పూసుకుంటాయి. కోసి కాగితాల మధ్య నొక్కిపెడితే ఆ మైనం మెత్తబడి, రెండు మూడు రోజుల్లో మళ్ళీ గట్టిపడుతుంది. ఇల్లలికినాక ఆరేలోపల కోడి నడిస్తే అడుగులు పడతాయి చూడండి, ఇదీ అంతే. ఆ మూడు రోజులూ పక్కన ఎవరు ఏం మాట్లాడినా గాలి అదురు పొరలు పొరలుగా మైనంలో పడిపోతుంది. ఈ బల్ల పొరలు విడదీసి చదువుతుంది."

ఆమె తల్లి వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"వచ్చే నెల ఈ బల్లను చూడడానికి ఢిల్లీ వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకు ఉప్మా వినిపించలేను గదా! అమ్మ కరువుకంప షీటు పెడదామనుకుంటున్నా. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది. అమ్మ ఆ చెట్టును కనిపెట్టిన రోజు ఎట్లా గడిచిందో అమ్మ రిటైరయ్యేలోపల మనందరం విందాం."

చప్పట్లు మోగాయి. సుభాషిణి కూడా చప్పట్లు కొట్టింది. ఎందుకు కొడుతున్నదో ఆమె చేతులకు తెలియలేదు.

*

ఆ చెట్టు శాస్త్రీయ నామం ఇప్పుడు పుస్తకాలన్నిటిలో ఉంది. కడాబా మూర్తియానా. రాయదుర్గం అవతల, హగరి ఒడ్డున ఇసుక మేటలు వేసిన ఊళ్ళలో, రాతిగుట్టల సందుల్లో బతికే నిలువెత్తు కంప. వరసగా మూడేళ్ళు వాన లేకపోయినా ఆకు రాల్చదు. ఆ ఊళ్ళవాళ్ళు దాన్ని కరువుకంప అంటారు. దాన్ని మొదటిసారి లోకానికి చూపించిన శాస్త్రవేత్తగా సుభాషిణికి పేరు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. చెట్టుకు ఆమె గురువు దక్షిణామూర్తి గారి పేరు వచ్చింది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. ఎవరికీ చెప్పని ఇంకో కథను సుభాషిణి లోపలే ఉంచుకుంది. చెట్టు చూపించింది ఓబులక్క అని ఒక మేకలు కాసే ఆవిడ. చెట్టుకు చనిపోయిన తన కూతురు పేరు పెట్టమని ఆవిడ అడిగింది. సుభాషిణి సరేనంది. మూర్తి సారు ఒప్పుకోలేదు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఇంకా పట్టా చేతికి రానిది, గురువుగారికి ఎదురు చెప్పగలదా? తనకు ఎప్పుడైనా మనసు మండితే ఈ కథే చెప్పుకునేది. చెప్పుకుంటే మంట తగ్గేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా తగ్గుతూనే ఉంది. ఇప్పుడు తను ఇచ్చి తప్పిన ఆ మాటను ఆకు అందరికీ వినిపిస్తుంది.

"ఏం ఆలోచిస్తున్నావు? పోపు మాడుతోంది," అన్నాడు భర్త చెన్నకేశవులు వంటింటి గుమ్మంలోంచి. లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. "ఇరవై ఏడేళ్ళ నీ గొంతు మళ్ళీ వినబోతున్నా. అప్పుడు నాతో కూడా మెల్లగా మాట్లాడేదానివి. ఆ షీటు ఒక కాపీ నాకిప్పించమను, రోజూ పొద్దున వేసుకుంటా."

"చాల్లెండి."

"నిజంగా! పాప ఎంత సంబరంగా ఉందో చూశావా? ఆరేళ్ళు పడ్డ కష్టానికి మొదట వినిపించేది వాళ్ళమ్మ గొంతంట."

సుభాషిణి మాడిన పోపు సింకులో పారబోసి మళ్ళీ నూనె పెట్టింది.

*

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె హెర్బేరియంలో ఒక్కతే ఉండిపోయింది. టైపు షీట్లకు ప్రత్యేకంగా ఒక ఇనుప బీరువా ఉంది. ఒక మొక్కకు పేరు పెట్టేటప్పుడు ఏ ఎండుకొమ్మను చూసి పెట్టారో, ఆ కొమ్మే దానికి శాశ్వత సాక్ష్యం. అదే టైపు షీటు. దాని తాళంచెవి ముప్పై ఏళ్ళుగా సుభాషిణి దగ్గరే ఉంటోంది.

ఎర్ర అట్ట తెరిచింది. గోధుమరంగు కొమ్మ, పద్నాలుగు ఆకులు, నాలుగు మొగ్గలు. కుడివైపు కింద తన చేతిరాత, గుండ్రంగా, పరీక్ష రాసే పిల్లలా: మొక్క పేరు, చోటు, తేదీ, సేకరించిన వారు: బి. సుభాషిణి. చూపించినవాళ్ళ పేరు రాయడానికి ఆ చీటీలో గడి ఉండదు. ఏ చీటీలోనూ ఉండదు. ఆమె వందలాదిమంది విద్యార్థులకు ఆ చీటీ నింపడం నేర్పింది.

షీట్ల మీద గట్టిగా ఊపిరి వదలొద్దని పిల్లల్ని కసిరే మనిషి, అట్టలు ఆరబెట్టే దీపాన్ని దగ్గరికి లాగి, ఆకుల మీదికి వంచింది. నిమిషానికల్లా సన్నగా వాసన వచ్చింది. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన. ఒక్కొక్క ఆకు మీదా మెరుపు చచ్చి, నల్లగా, మామూలు చెత్త ఆకులా అయిపోయింది. పద్నాలుగూ అయ్యేదాకా ఆమె దీపం కదిలిస్తూనే ఉంది. తర్వాత కిటికీ తెరిచి, చీర కొంగుతో గాలి విసిరింది.

మర్నాడు ఇందుజ ఆ షీటును బల్ల మీద పెట్టింది. సముద్రం హోరు లాంటి చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. మళ్ళీ పెట్టింది. సాయంత్రం దాకా పెడుతూనే ఉంది.

ఆ రాత్రి గానీ, మర్నాడు గానీ ఆ పిల్ల సరిగా తిండి తినలేదు. కాగితాలు మంచం నిండా పరుచుకుని కూర్చుంది. కళ్ళ కింద చారలు.

"లెక్కలో ఎక్కడో తప్పు చేశానమ్మా. కొత్త ఆకులకు పనిచేస్తోంది, ఈ పాతదానికి చెయ్యడం లేదు. అంటే కాలం గడిస్తే పొరలు చెరిగిపోతాయనేగా? అట్లయితే ఇది దేనికీ పనికిరాదు. ఆరేళ్ళు, అమ్మా!"

"పోనీలేమ్మా," అంది సుభాషిణి. "అన్నిటికీ ఒకేసారి ఫలితం రాదు. ఇంద, రెండు ముద్దలు తిను."

పప్పన్నం కలిపి, ముద్దలు చేసి, నోట్లో పెట్టింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తిన్నట్టే ఇందుజ కళ్ళు మూసుకుని తినింది. తల్లి భుజానికి తల ఆనించి, "నువ్వు లేకపోతే నేనేమైపోదునో," అంది. సుభాషిణికి తన చెయ్యి తనది కానట్టు అనిపించింది. మూడు రోజులు అలా ముద్దలు పెట్టింది. మూడు రోజులూ నిజం మాత్రం నోరుదాటి రాలేదు.

*

ఆమె మరిచిపోయింది ఏమిటంటే, ముప్పై ఏళ్ళుగా ఆమె అందరికీ నేర్పిన పనే.

కొత్త మొక్క దొరికితే ఒక కొమ్మ కొయ్యరు. ఒకే చెట్టుకు ఆరు కొమ్మలు కోసి, ఒకే కట్టలో నొక్కి, ఆరు షీట్లు చేస్తారు. ఒకటి టైపు. మిగిలిన అయిదూ దాని జోడు షీట్లు. నిప్పు, నీళ్ళు, చెదలు ఒక చోటిదాన్ని తిన్నా ఇంకోచోట మిగలాలని వాటిని దూరదూరంగా ఉన్న హెర్బేరియాలకు పంపుతారు. "మొక్కలవాళ్ళు దేన్నీ ఒకే చోట ఉంచరు," అని ఆమే క్లాసులో నవ్వుతూ చెప్పేది. దీపం వెలిగించిన చేతికి ఆ సంగతి గుర్తు రాలేదు. తన తప్పు ఒకే అట్ట మీద ఉందనుకుంది.

ఆ మరుసటి వారం గురువారం మధ్యాహ్నం ఇందుజ ఫోను చేసి, "అమ్మా, ఒకసారి ల్యాబుకు రా," అంది. గొంతులో కోపమూ లేదు, సంబరమూ లేదు. సుభాషిణి వెళ్ళేసరికి మస్తానయ్యను టీకి పంపేసి, తలుపు గడియ పెట్టింది. బల్ల మీద గాజు మూత కింద కరువుకంప ఉంది. ఆకులు తళతళా మెరుస్తున్నాయి.

"జోడు షీటు. కేరళ నుంచి తెప్పించా. నిన్ననే వచ్చింది," అంది. "నేనొక్కదాన్నే విన్నా. ఇప్పుడు నువ్వు విను."

చిటపటలు. గాలి. మేకల మెడగంటలు. తర్వాత ఒక పిల్ల గొంతు, సన్నగా, హుషారుగా. ఆ పిల్ల తనే అని గుర్తుపట్టడానికి సుభాషిణికి క్షణం పట్టింది.

"ఇది బందారు కదక్కా. దీన్ని మేం డొడోనియా అంటాం. డోడోన్స్ అని ఒక డాక్టరు. నాలుగొందల ఏళ్ళ కింద చచ్చిపోయాడు."

"ఆయప్ప ఈ గుట్ట ఎక్కినాడా?"

"లేదు. వాళ్ళ దేశం వేరే."

"ఈ సెట్టు సూసినాడా?"

"చూసుండడు."

నవ్వు. గలగలా, గుట్ట మీద రాళ్ళు దొర్లినట్టు, ఓబులక్క నవ్వు. "సూడనోని పేరు పెట్టినారా దీనికి! మీ సదువు సల్లగుండ. సరే, జిల్లేడుకు ఎవురి పేరు?"

"దానికి మనిషి పేరు కాదు. పువ్వులో పడవ అడుగులాంటిది ఉంది చూడు, అందమైన పడవ అని."

"అది బాగుండాది. తంగేడుకో?"

"చెవులున్నది అని. ఇదిగో, ఆకు మొదట్లో చెవుల్లాగా లేవూ?"

"అవునే! ఇన్నేండ్లు సూడ్నేలేదే." కాగితాల గరగర. కట్ట బిగిస్తున్న చప్పుడు. ఓబులక్క గొంతు తగ్గింది. "పాపా, గుట్ట ఎక్కకముందు కింద అంటివే, ఈ కరువుకంపకు మా సుంకి పేరు పెడతానని. మరిచిపోవాకు. ఇది మ్యాకల మేతకు పనికొస్తాదని కనిపెట్టింది అదే. పదకొండేండ్లది. ఊరంతా మ్యాకలు సస్తాంటే మా సుంకి మాత్రం ఈ గుట్టకు తోలకొచ్చి మేపింది. ఈడనే పాము కరిసింది. దాని పేరు పిల్సేటోళ్ళు ఇంగ ఎవురూ ల్యారు. నీ పుస్తకంలో పెడితే పిలుస్తారు గదా?"

"పెడతానక్కా."

"ఒట్టు?"

"ఒట్టు. నీ చేతిలో చెయ్యి వేసి చెబుతున్నా."

సుభాషిణి కళ్ళు తుడుచుకుంది. ఈ మాటలు ఆమెకు గుర్తున్నాయి. ఇలాగే గుర్తున్నాయి. నిజంగానే అన్నాను కదా, అనుకుంది. మనసులో ఏదో మూల చిన్న ధైర్యం లేచింది.

చిటపటలు మళ్ళీ మొదలై ఆగాయి. ఈసారి గాలి లేదు. స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మర్నాడు పొద్దున, గెస్టుహౌసులో, కట్ట విప్పి కాగితాలు మారుస్తున్న వేళ.

"ఆవిడకేదో మాటిచ్చావంట గదమ్మా? డ్రైవరు చెప్పాడు," అన్నారు దక్షిణామూర్తి గారు. "కూతురి పేరు పెడతానని. ఇచ్చిన మాట అంటే పెట్టాల్సిందే. పెట్టు, నాకేం అభ్యంతరం లేదు. సుంకమ్మ... వినడానికీ బాగుంది."

"అయ్యో సార్!" ఆ పిల్ల నవ్వింది. మనసారా నవ్వింది. "అట్లా అనకపోతే గుట్ట మీదికి తీసుకుపోయేది కాదు సార్. నిన్న మధ్యాహ్నమంతా బతిమాలినా, మేకలు వదిలి రానంది. ఒక మాట అంటే పోయేదేముంది? ఆమెకు పుస్తకమా, చదువా? దీనికి మీ పేరే పెట్టాలని నేను మొదట్నించీ అనుకున్నాను."

గ్లాసు పక్కకు జరిపిన చప్పుడు.

"నీ ఇష్టం," అన్నారు ఆయన.

ఇందుజ మీట ఆపింది.

సుభాషిణి ఆ నల్లటి మీట వైపే చూస్తూ కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళు తను ఆసరాగా పట్టుకున్న, సారు ఒప్పుకోలేదన్న మాటలో ఒక్క అక్షరం నిజం లేదు. తనకు తాను అబద్ధం చెప్పుకుంటున్నానని కూడా ఆమెకు తెలియదు. ఎప్పుడు అల్లిందో, ఎన్నిసార్లు చెప్పుకుంటే అది గట్టిపడిందో! చనిపోయిన మనిషి మీద నేరం మోపి, ఆయన తద్దినం రోజు పువ్వులు కూడా పంపింది. వినాలని లేదు, కానీ ఆ నవ్వు ఇంకా గదిలోనే ఉంది.

"టైపు షీటు మీద మైనం ఎట్లా కరిగిందమ్మా?"

"దీపంతో."

"నేను లెక్క తప్పనుకుని..."

"తెలుసు."

"తెలిసి, నాకు అన్నం కలిపి పెట్టావు."

అంతకంటే గట్టిగా ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ. ఇందుజ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. అటే చూస్తూ, "పేరు మార్చొచ్చా?" అని అడిగింది.

"కుదరదు. ఒకసారి అచ్చయితే అంతే. తప్పుగా పెట్టినా, అన్యాయంగా పెట్టినా అదే పేరు. అదీ నియమం."

"ఇది ఢిల్లీ వాళ్ళకు వినిపించను. నీ కోసం కాదు. మొదట వినాల్సిన మనిషి ఇంకా వినలేదు."

*

టైపు షీటును పాడుచేసింది తనేనని డైరెక్టరుకు ఉత్తరం రాసి, బీరువా తాళంచెవి దానితో జతచేసి ఇచ్చి, శనివారం పొద్దున సుభాషిణి రాయదుర్గం బస్సెక్కింది. రికార్డు ఫోనులో ఉంది. రెండు ముక్కలు. మొదటి ముక్క వినిపిస్తాను, అనుకుంది దారంతా. బిడ్డ గురించి ఆనాటి తన మాటలు తనే వింటే ఆవిడ సంతోషపడుతుంది. మాట నిలబెట్టుకోలేకపోయానని చెబుతాను, కాళ్ళు పట్టుకుంటాను. రెండో ముక్క ఎందుకు? ముసలి ప్రాణాన్ని ఇంకా బాధపెట్టడం దేనికి? కిటికీలోంచి ఇసుక మేటలు కనబడేసరికి ఆ దయ ఎవరి మీదో ఆమెకు అర్థమైంది. అయినా నిర్ణయం మార్చుకోలేదు.

మేటవంక ఊళ్ళో ఓబులక్క ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. అరుగు మీద ఆడవాళ్ళు అయిదారుగురు శనక్కాయలు ఒలుస్తున్నారు. మధ్యలో కూర్చున్న ముసలావిడ కంటికి చెయ్యి అడ్డం పెట్టి చూసి, లేచి నిలబడింది.

"ఏమ్మే, సూడండే! మా సుంకి పేరు పుస్తకంలో ఎక్కిచ్చిన మేడమ్మ ఈమే! నేను సెప్తాంటి గదా, ఈమే! ఇన్నేండ్లకు దోవ దెలిసిందా పాపా? ఎంత సిక్కిపోయినావు! లోపలికి రా, ఎండ."

ఆడవాళ్ళు కళ్ళు పెద్దవి చేసుకుని చూశారు. ఒక కోడలు పిల్ల లేచి చేతులు జోడించింది. "సుంకమ్మ కంప కాడికి మా పాపను తీస్కపోయినా మేడమ్మా, పుట్టెంటికలు తీసినాక. అందురూ పోతారు."

సుభాషిణి తల వంచుకుని లోపలికి నడిచింది.

మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తను గోడకు ఆనుకుని కింద కూర్చుంది ఓబులక్క. సుభాషిణి కూడా మంచం దిగి ఎదురుగా కూర్చుని, ఆ రోజు ఆకు మన మాటలు విని దాచుకుందని చెప్పింది. ఓబులక్క ఆశ్చర్యపోలేదు. "ఇంటాయి," అంది. "పొద్దుమాను వాటితోనే మాట్లాడ్తాంటిమి."

ఫోనులో మేకగంటలు మోగాయి. ఓబులక్క తన నవ్వు తనే విని, పళ్ళులేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేనా? నేనేనా?" సుంకి పేరు వచ్చినప్పుడు కదలకుండా విన్నది. "ఒట్టు," అన్న మాట వచ్చినప్పుడు చెయ్యి చాచి సుభాషిణి మోకాలి మీద వేసింది. బరువైన చెయ్యి. వేళ్ళు వంకరలు పోయాయి.

ఇక్కడ ఆపాలి. సుభాషిణి వేలు ఫోను అద్దం మీదే ఉంది. మోకాలి మీది చేతిని చూసింది. వేలు తీసేసింది.

గ్లాసు చప్పుడు. సారు గొంతు. ఆ తర్వాత ఆ నవ్వు.

రికార్డు అయిపోయింది. ఓబులక్క చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది. తీసెయ్యాలని ఆమెకు తోచలేదేమో.

"ఆ నవ్వింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"మల్లా ఒకతూరి పెట్టు."

పెట్టింది. ఓబులక్క ఈసారి కళ్ళు మూసుకుని విన్నది.

"ఆ సారు పెట్టమన్నాడు."

"అవును."

"ఆయప్ప మంచోడే. నువ్వు వద్దంటివి." చెయ్యి వెనక్కి తీసుకుంది. "పుస్తకంలో సుంకి ల్యాదు."

"లేదు అక్కా. ఇక రాదు కూడా."

క్షమించమని అడగడానికి నోరు తెరిచింది సుభాషిణి. ఆ మాట కూడా ఆ రోజు గుట్ట మీద అన్న మాటలాగే వినిపిస్తుందని తోచి మూసుకుంది. ఓబులక్క ఏడవలేదు. తిట్టలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, ఖాళీ మజ్జిగ చెంబు తీసుకుంది.

"ముప్పై ఏండ్లు ఊరంతా సెప్పినా పాపా. బిడ్డ పుట్టిన ఇంటికల్లా పోయి సెప్పినా. బైట ఆడోళ్ళుండారు. నువ్వే పోయి వాళ్ళకు సెప్పు. నాకు నోరు రాదు."

సుభాషిణి బయటికి వచ్చింది. అరుగు మీద ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. కోడలు పిల్ల ఒలిచిన శనగ్గింజలు దోసెడు తీసి ఆమె చేతుల్లో పోసింది.

"తిను మేడమ్మా. కూసో. సుంకమ్మ పేరు ఏ పుస్తకంలో ఉండాదో మా పాపకు సెప్పు, ఇదో, వచ్చింది."

నాలుగేళ్ళ పిల్ల తల్లి భుజం వెనకనుంచి తొంగిచూసింది.

"నిలబడే చెబుతానమ్మా," అంది సుభాషిణి.